వాడితో చెప్పి వచ్చాను

ఇంత శుభ్రంగా నాకేసిన గిన్నెని చూసి తిన్నది ఎవరో చెప్పడం ఎవరి వల్ల అవుతుంది, తోమి తుడిచి బోర్లించబోయే గిన్నెలా మెరుస్తోంది, అడుగున వేసిన ఆకుపచ్చ గీత కూడా కనబడుతోంది, ఆకుపచ్చ గీత ఉన్నది బస్తాగాడిది, గీత లేనిది మేనేజరుది, అంచు విరిగింది చిల్లరగాడిది, ఇంట్లో మూడు పిల్లులకి మూడు గిన్నెలు, మూడు చోట్లు, బస్తాగాడు కుట్టుమిషను గదిలో, మేనేజరు ఫ్రిజ్ మీద, చిల్లరగాడు స్నానాలగదిలో గడియ వెనకాల, బస్తాగాడికి షుగరు వచ్చిన దగ్గర్నుంచి ఒక్క పూట తప్పని ఏర్పాటు, అలాంటిది ఈ రోజు నేను తల తుడుచుకుంటూ స్నానాలగదిలోంచి బయటికొచ్చేసరికి ఆకుపచ్చ గీత గిన్నె ఖాళీ, దాని పక్కన చిల్లరగాడు మూతి నాక్కుంటున్నాడు, బస్తాగాడు కుట్టుమిషను కింద పడుకుని నన్నే చూస్తున్నాడు, మా ఆయన లేడు, గుమ్మంలో బూట్లు లేవు, కొక్కేనికి బస్సు డ్రైవరు యూనిఫారం లేదు, మధ్యాహ్నం డ్యూటీ అనుకున్న మనిషి పొద్దున్నే ఎటు పోయాడు, పోతే పోయాడు, పోయేముందు వాడికి సూది వేశాడా లేదా, ఆ ఒక్క ముక్క నాకిప్పుడు ఎవరు చెప్తారు.

చేతిలో సిరంజి ఉంది, ఎప్పుడు తీశానో నాకే తెలియదు, ఫ్రిజ్ తలుపులో గుడ్ల పక్కన ఉండే బుల్లి సీసా తీసి, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, వాడికి పట్టే ఆ కాస్త ఇన్సులిన్ లాగి, వేలితో టకటకా కొట్టి గాలిబుడగ పోగొట్టి, అన్నీ చేతులే చేసేశాయి, మనసుకి మాటవరసకైనా చెప్పలేదు, కొక్కేనికి యూనిఫారం లేదంటే పొద్దుటి డ్యూటీ, పొద్దుటి డ్యూటీ అంటే సూది నేను వేయాలి, మధ్యాహ్నం డ్యూటీ అయితే ఆయన, అదీ మా ఇంటి పద్ధతి, ఆ పద్ధతి ప్రకారం వాడి మెడ వెనక తోలు చిటికెడు పైకి లాగి పట్టుకున్నాను కూడా, సూది మొన బొచ్చుకి తగిలింది, అమ్మో, ఆగు, నిన్న మధ్యాహ్నమే కదా వెళ్ళాడు, ఈ వారమంతా మధ్యాహ్నమే కదా, అంటే ఈ పూట వంతు ఆయనదే కదా, వేసే వెళ్ళాడేమో, అనుకోగానే వేళ్ళు వాటంతటవే వదిలేశాయి, బస్తాగాడు ఏమీ జరగనట్టు ఒళ్ళు విరుచుకుని ఆవలించాడు, ఒరే నీ మొహం మండా, ఇప్పుడు నీ ప్రాణం నా రెండు వేళ్ళ మధ్య ఉందిరా, నీకేమైనా పట్టిందా.

బస్తా అని పేరు పెట్టింది ఆయనే, డిపో గోడ పక్కన దొరికిన రోజు అరచేతిలో పట్టేవాడు, ఏడాది తిరిగేసరికి సోఫాలో ఇద్దరు కూర్చునే చోటు వాడొక్కడే ఆక్రమించేవాడు, ఎత్తితే నా నడుము పట్టేసేది, అలాంటివాడు ఉన్నట్టుండి ఖాళీ సంచీ అయిపోయాడు, నీళ్ళ గిన్నె దగ్గరే కాపురం, తిన్నది ఎటు పోతోందో తెలియదు, పిల్లుల డాక్టరమ్మ చూసి షుగరు అంది, పిల్లికి షుగరేమిటండీ అని మా ఆయన గట్టిగా నవ్వాడు, నవ్వి బయటికెళ్ళి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి చాలాసేపు లేవలేదు, ఆయన బూట్లకి లేసులు లేవు, నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను, సూది వేయడం నేర్చుకోమంటే ముందు నావల్ల కాదన్నాను, చూడండి విడ్డూరం, బుద్ధెరిగిన దగ్గర్నుంచి సూదితో బతికినదాన్ని, పాతబట్టలు సరిచేసే కొట్లో ఎంత మందపాటి గుడ్డయినా కన్నార్పకుండా కుట్టేదాన్ని, వాడి తోలు చిటికెలో పట్టుకోగానే గుచ్చలేక వదిలేశాను, డాక్టరమ్మ నా చేయి పట్టుకుని వేయించింది, వేయిస్తూ చెప్పింది, తిన్నాకే సూదమ్మా, తినకపోతే నాకు ఫోన్ చెయ్యండి, వేశారో లేదో అనుమానం వస్తే మాత్రం వేయకండి, ఒక పూట తప్పితే కొంప మునగదు, రెండోసారి పడితేనే ముప్పు, షుగరు పెరిగితే మెల్లమెల్లగా తింటుంది, పడిపోతే పూట గడవనివ్వదు, అంది, ఆ మాట ఇప్పుడు చెవిలో గింగిర్లు తిరుగుతోంది.

సరే, వేయను, వేయకుండా ఊరుకుంటే సరిపోతుందా అంటే సరిపోదు, ఆయన హడావిడిగా సూది వేసేసి వెళ్ళి, వాడి తిండి కాస్తా చిల్లరగాడు మింగేసి ఉంటే, ఖాళీ కడుపు మీద మందు పడ్డట్టు కదా, సిరంజి పక్కన పడేసి డబ్బా తీశాను, తక్కెట్లో తూచే ఓపిక ఎవరికుంది, చెంచాతో తీసి వాడి ముక్కు కింద పెట్టాను, వాసన చూశాడు, మొహం తిప్పుకున్నాడు, కడుపు నిండి వద్దంటున్నాడా, ఒంట్లో బాగాలేక వద్దంటున్నాడా, ఒరే నాయనా, ఒక్క ముద్ద, మా బాబువి కదూ, మా బంగారుకొండవి కదూ, పోనీ వేలితో పెడతాను, పోనీ ఆ దొంగవెధవకి పెడుతున్నట్టు నటిస్తాను, రోషం వచ్చైనా తింటావేమో, రోషం రాలేదు గానీ దొంగవెధవ మాత్రం వచ్చేశాడు, నా మోచేతి కిందనుంచి తల దూర్చి చెంచా మీదికి, నువ్వాగరా, అది కడుపా చెరువా, అసలు ఆ గిన్నెలోది నువ్వు తిన్నావా వాడు తిన్నాడా, ఏదీ పొట్ట చూపించు, నొక్కి చూశాను, వాడి పొట్ట తిన్నా తినకపోయినా డోలులాగే ఉంటుంది, దాన్ని బట్టి ఏం తేల్చను, పైన ఫ్రిజ్ మీద మేనేజరు ముందుకాళ్ళు లోపలికి మడుచుకుని అంతా చూస్తోంది, ముసలిదానికి అన్నీ తెలుసు, ఎవరు తిన్నారో, సూది పడిందో లేదో, ఆయన వెళ్తూ వెళ్తూ ఏమన్నాడో, కళ్ళారా చూసింది, కోర్టుకి ఈడ్చినా చెప్పదు.

మామూలు రోజుల్లో ఇంత రామాయణమే లేదు, అయిందా అంటుంది ఒక గొంతు, అయింది అంటుంది ఇంకో గొంతు, అంతే, వంటగదిలోంచి పడకగదికి ఆ రెండు మాటలు వెళ్ళొస్తే చాలు, వాడు ఆ పూటకి బతికినట్టే, ఇప్పుడా రెండు మాటలూ లేవు, ఎందుకు లేవంటే ఆడపడుచు కొత్త ఇల్లు కొనుక్కుంది, రమ్మంది, ఒక రాత్రి ఉండి రావాలి, నేను రానన్నాను, వీడికి సూది ఎవరు వేస్తారు, కింది వాటా ఆవిడకి చెబుదాం అన్నాడు, ఆవిడ బొద్దింకని చూస్తేనే కుర్చీ ఎక్కుతుంది, సూది వేస్తుందా అన్నాను, అయితే మా అక్క కంటే నీకు పిల్లి ఎక్కువా అన్నాడు, మీ అక్కకి రెండు పూటలా సూది వేయాలా ఏమిటి అన్నాను, నవ్వుతాడనుకున్నాను, ఎప్పుడూ నవ్వేవాడే, నవ్వలేదు, అప్పుడన్నాడు, ఈ ఇంట్లో అందరికీ తూచి పెడతావు, తినేదాకా పక్కన కూర్చుంటావు, తిన్నాడా తిన్నాడా అని ఇల్లంతా అడుగుతావు, నాకు మాత్రం కంచం మీద మూత పెట్టేసి పోతావు, అని, మూత అన్న దగ్గర గొంతు అదోలా అయింది, అది నాకు వినబడింది, వినబడినా సరే ఒళ్ళు మండింది, పొద్దంతా కొట్లో ఊరివాళ్ళ పంట్లాములకి అంచులు కుట్టి కుట్టి వచ్చి, మళ్ళీ ఇంట్లో వీళ్ళకీ ఆయనకీ చేసి, చివరికి నాకీ మాటా, మీకు మూత తీసుకోవడానికి చేతులున్నాయి, వాటికి లేవు, అన్నాను, అంతే, అక్కడ తెగింది.

తెగింది అంటాను గానీ మా ఇంట్లో మాటలు ఎక్కడ తెగుతాయి, దారి మార్చుకుంటాయి, పిల్లల్లేని ఇల్లు, అందరి ఇళ్ళలో గొడవొస్తే పిల్లల చేత కబుర్లు పంపుకుంటారు, మేము బస్తాగాడి చేత పంపుకుంటాం, ఒరే బస్తా, మీ నాన్నకి చెప్పు, గ్యాసు అయిపోయింది, ఒరే బస్తా, మీ అమ్మకి చెప్పు, నా చొక్కా గుండీ ఊడింది, ఎదురెదురుగా కూర్చుని మధ్యలో వాడిని పెట్టుకుని, వాడు ఒకసారి ఇటు ఒకసారి అటు తల తిప్పుతూ, ఎవరి పక్కా చేరకుండా, పెద్దమనిషి తరహాలో వింటాడు, గొడవ చల్లారేది కూడా వాడి మీదుగానే, ఒరే, మీ అమ్మకి చెప్పు, ఆ నీలం బట్టలు బాగున్నాయని, అని ఓ రోజు వినబడుతుంది, నేను మూతి అటు తిప్పుకుని నవ్వుకుంటాను, అయిపోతుంది, ఈసారి మాత్రం నాకు మంట మరీ ఎక్కువై ఆ కబుర్లు కూడా చెవిన పడకూడదనుకున్నాను, ఆయన లేచిన అలికిడి కాగానే స్నానాలగదిలో దూరి కుళాయి పూర్తిగా తిప్పేస్తున్నాను, బకెట్లో నీళ్ళు దబదబా పడుతుంటే బయట పిడుగు పడినా వినబడదు, అది చిల్లరగాడి భోజనశాల అన్న సంగతి కూడా మర్చిపోయి, ఈ పొద్దునా అంతే, ముగ్గురి తిండీ తూచి వంటగట్టు మీద పెట్టాను, ఆయన దగ్గు వినబడింది, దూరి గడియ పెట్టాను, కుళాయి తిప్పాను, ఇప్పుడు గుర్తొస్తోంది, ఆ నీళ్ళ హోరు వెనక ఆయన గొంతు వినబడింది, తలుపు పక్కనే నిలబడి వాడితో ఏదో చెప్తున్నాడు, ఒక్క ముక్క కాదు, చాలాసేపు, గొంతు పెంచి మరీ చెప్పాడు, నేనేం చేశాను, కుళాయి ఇంకాస్త తిప్పాను, ఇంక తిరగనమ్మా అని అది కీచుమన్నా వదలకుండా తిప్పాను, ఇదీ నేను వెలగబెట్టిన ఘనకార్యం.

కాలుకాలిన పిల్లిలా తిరగడం అంటారు, మా ఇంట్లో పిల్లులన్నీ కుదురుగా కూర్చున్నాయి, తిరుగుతున్నది నేనే, వాడేసిన సూదులు వేసే ప్లాస్టిక్ సీసా తీసి ఊపి చూశాను, గలగలమంది, అందులో కొత్తది పడిందో లేదో ఆ గలగలకేం తెలుసు, మందు సీసా కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి చూశాను, కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను, వాడికి ఒక పూట మందంటే చీమ కన్నీరంత, తగ్గిందో లేదో దేవుడికే తెలియాలి, చెత్తబుట్టలో సూది మూత ఉంటుందేమోనని వెతికాను, గుడ్డు పెంకులు, గడ్డం నురుగు తుడిచిన కాగితం, అంతే, చివరికి వాడి మెడ వెనక బొచ్చులో ముక్కు పెట్టి వాసన చూశాను, మందు ఒక్క చుక్క బయటికి జారినా ఆసుపత్రి వాసన కొడుతుంది, ఆ వాసన లేదు, లేకపోతే ఏం, జారకుండా వేసి ఉండొచ్చు, ఆయన చేయి నా చేయి కంటే నిదానం, అక్కడ లేదు గానీ కాస్త పైకి వస్తే ఇంకో వాసన ఉంది, రెండు చెవుల మధ్య, గడ్డం సబ్బు వాసన, మా ఆయన గడ్డం సబ్బు, అక్కడికెలా వచ్చింది, గడ్డం తెచ్చి అక్కడ ఆనిస్తేనే వస్తుంది, అంటే వెళ్ళేముందు వంగి, వాడి నెత్తి మీద మొహం పెట్టి, ఓహో, మాతో మాటల్లేవు గానీ వీడికి ముద్దులా, అనుకున్నాను, కోపంగానే అనుకున్నాను, అనుకుంటూ ఇంకోసారి అక్కడే వాసన చూశాను, ఈ రెండోసారికి మాత్రం కారణం ఏమీ లేదు.

చెవి అంచున చిన్న గాటు పెట్టి రక్తం చుక్క చూసే మిషను ఇంట్లోనే ఉంది, షుగరు పడిపోతోందో లేదో క్షణంలో తేలిపోతుంది, కానీ దానికి వేసే స్ట్రిప్పులు అయిపోయాయి, నిన్ననే బస్తాగాడితో అన్నాను, ఒరే, మీ నాన్నకి చెప్పు, నీ చెవి స్ట్రిప్పులు నిండుకున్నాయి, గుర్తుంటే తెమ్మను, గుర్తెందుకుంటుందిలే, నీ సంగతి ఆయనకేం పట్టింది, అని గొణిగాను, ఆయన గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు, తల ఎత్తలేదు, విన్నాడో లేదో, ఏం వింటాడు, నా మాట ఎప్పుడు విన్నాడు కనుక, ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది, బండి నడిపేటప్పుడు ఎత్తడు, ఎత్తితే నేనే తిడతాను, ఇప్పుడు ఎత్తనందుకు తిట్టాను, డాక్టరమ్మకి చేశాను, అదీ ఎత్తలేదు, ఇంకా ఆసుపత్రి తెరిచే వేళ కాలేదు, ఇంతలో బస్తాగాడు లేచి నీళ్ళ గిన్నె వైపు నడిచాడు, నడక తూలిందా, వెనక కాలు జారిందా, నేల తడిగా ఉంది, నా కాళ్ళ తడే, జారి ఉంటాడు, తూలి ఉండడు, ఒకవేళ తూలితే, ఒరే ఇటు చూడు, నా వేలు చూడు, చూపు నిలుస్తోందా, నోటివెంట చొంగ కారుతోందా, లేదు, కారుతోందా, లేదు, అయ్యో నా తండ్రీ, ఏమీ పాలుపోవడం లేదు, పడిపోతే చిగుళ్ళకి తేనె రాయమంది డాక్టరమ్మ, తేనె సీసా చేతిసంచీలో పడేశాను, బుట్ట తీశాను, వాడిని ఎత్తి అందులో పెట్టాను, ఎంత తేలికైపోయాడు, పొద్దుటి డ్యూటీ అయితే ఆయన బండి ఈ వేళకి మా వీధి చివర మలుపు తిరుగుతుంది, ఆయన్నే అడుగుతాను, సిగ్గూ లేదు ఎగ్గూ లేదు, బండి ఆపి అడుగుతాను.

మెట్లు దిగుతుంటే కింది వాటా ఆవిడ తలుపు తీసింది, పొద్దున్నే పిల్లిని తీసుకుని ఎక్కడికమ్మా, మా ఆయన దగ్గరికి, అదేమిటి, ఆయన ఇందాకే వెళ్ళారుగా, ఎవరో డ్రైవరుకి జ్వరమట, బదులు వెళ్తున్నానన్నారు, మీతో చెప్పలేదా, చెప్పారు, చెప్పకేం, అన్నాను, ఊరందరితోనూ చెప్తాడు, ఇంట్లో మాత్రం నోరు, సరే ఆయన నోరు మూసుకుందో నా చెవులు మూసుకున్నాయో తర్వాత చూసుకుందాం, వీధిలో కొట్ల తలుపులు ఒకటొకటే పైకి లేస్తున్నాయి, తాళంచెవులు చేసే ఆయన బల్ల తుడుచుకుంటూ నా తడి జుట్టు కేసి వింతగా చూశాడు, చూడనీ, స్కూలు పిల్లలు బుట్ట చుట్టూ మూగారు, ఆంటీ కరుస్తుందా, ఇది కరవదు, నేను కరుస్తాను, జరగండి, స్టాపులో బల్ల మీద బుట్ట పెట్టుకుని జాలీలోంచి వేలు పెట్టాను, వాడు వేలికి తల ఆనించాడు, వెచ్చగా ఉన్నాడు, భయం వేస్తోంది, ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్వుతారు గానీ నిజంగా కడుపులోంచి భయం వేస్తోంది, వీడికేమైనా అయితే నేను తట్టుకోలేను, ఆయనా తట్టుకోలేడు, లేసుల్లేని బూట్లకి లేసులు కట్టుకుంటూ ఎన్నాళ్ళు కూర్చుంటాడో, ఒకరి మొహం ఒకరం ఎలా చూసుకుంటాం, నీ వల్లంటే నీ వల్లని అనుకోకుండా ఎలా ఉంటాం, అసలు ఎవరి మీదుగా మాట్లాడుకుంటాం.

వచ్చింది, మలుపు తిరిగింది, పెద్ద అద్దం వెనక ఆయన మొహం, నన్ను చూశాడు, తడి జుట్టు, చేతిలో బుట్ట, చూడగానే ఆ మొహంలో రక్తం లేదు, తలుపు తెరుచుకుంది, ఎక్కాను, నాలుక చివరికి ముందుగా వచ్చింది ఒరే బస్తా మీ నాన్ననడుగు అన్న మాటే, అలవాటు, మింగేసి, ఏమండీ అన్నాను, ఎన్నాళ్ళకో అన్నట్టు గొంతు తుప్పు పట్టినట్టుంది, ఏమండీ, వీడికి సూది వేశారా, కండక్టరమ్మాయి పరిగెత్తుకొచ్చింది, డ్రైవరుతో మాట్లాడకూడదమ్మా, అక్కడ రాసుంది చూడండి, తల్లీ, ఇన్నాళ్ళూ మాట్లాడకపోబట్టే ఇంతదాకా వచ్చింది అన్నాను, ముందు సీట్లో పెద్దాయన కిసుక్కున నవ్వాడు, మా ఆయన నవ్వలేదు, ఏమైంది వాడికి అన్నాడు, బుట్ట కేసి చూడలేక నా కేసే చూస్తూ, ఏమీ కాలేదు, వేశారా లేదా అది చెప్పండి ముందు, వేశాను, తిన్నాడా, తిన్నాడు, మిషను గదిలో తలుపేసుకుని తినేదాకా పక్కనే కూర్చున్నాను, మొత్తం తిన్నాడు, అప్పుడు వేశాను, మరి గిన్నె చిల్లరగాడి దగ్గరెందుకుంది, వెళ్తూ తలుపు తీశాను కదా, అడుగు నాకడానికి దూరాడు, వాడి సంగతి నీకు తెలియందా, అంటే రెండోది వేసి ఉంటే, ఆ సూది మొన బొచ్చుకి తగిలిందే, ఇంకొక్క రవ్వ నొక్కి ఉంటే, ఆయన వెనక సీట్లో కూలబడ్డాను, బుట్ట ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను, చెప్పి వెళ్ళొచ్చుగా అన్నాను, ఏడుపొచ్చేసింది, చెప్పాను అన్నాడు, ఎవరితో, వాడితో, స్నానాలగది తలుపు దగ్గర నిలబడి గొంతు చించుకుని చెప్పాను, డ్యూటీ మారిందనీ చెప్పాను, సూది అయిందనీ చెప్పాను, అన్నీ వాడితో చెప్పే వచ్చాను, ఇంకోటి కూడా చెప్పాను, అదీ వినలేదా, ఏమిటది అన్నాను, బండినిండా జనం, అందరూ పనులు మానుకుని చెవులు రిక్కించారు, ఆయన చెవులు వెనకనుంచి ఎర్రగా కనబడుతున్నాయి, నీ ఒళ్ళోనే ఉన్నాడుగా, వాడినే అడుగు, అని గేరు వేశాడు.

తర్వాతి స్టాపులో బండి ఆపి చొక్కా జేబులోంచి చిన్న డబ్బా తీశాడు, కండక్టరమ్మాయి చేతికిచ్చి, ఆవిడకివ్వు, డ్యూటీ దిగాక ఇద్దామనుకున్నాను, నిన్న మావాడు చెప్పాడు అయిపోయాయని, అన్నాడు, మీవాడంటే ఎవరన్నా, అంది ఆ పిల్ల, బుట్టలో ఉన్నాడు చూడు, డబ్బా నా చేతికొచ్చింది, స్ట్రిప్పులు, నిన్న గొణిగినవి, మూతి తిప్పుకుంటూ, వినబడితే వినబడనీ లేకపోతే మాననీ అని నోట్లో నోట్లో అన్నవి, బూట్లు తుడుచుకుంటూ తలైనా ఎత్తని మనిషి విన్నాడు, దానికి తగిలించిన ఎత్తిపొడుపు కూడా విన్నాడు, అది అక్కడే వదిలేసి స్ట్రిప్పులు తెచ్చాడు, నేనేమో ఆయన అరిచి చెప్పినా వినకుండా కుళాయి తిప్పాను, ఏరా, ఇంకేం చెప్పాడురా, జాలీ దగ్గరికి వంగి మెల్లగా అడిగాను, చెప్పరా, నా నాన్నవి కదూ, మూత సంగతా, అక్క ఇంటి సంగతా, మంచి మాటేనా, బస్తాగాడు నా కేసి చూసి కళ్ళు నిదానంగా మూసి తెరిచాడు, నోరు విప్పలేదు, విప్పడు, ఇన్నేళ్ళుగా ఎవరి కబురూ మార్చి చెప్పినవాడు కాదు, ఎంతసేపు చెప్పాడో ఆ తలుపు దగ్గర నిలబడి, ఎంత కూడగట్టుకుని చెప్పాడో, అదంతా బకెట్లో పడి కొట్టుకుపోయింది, మాటల్లేవు మాటల్లేవు అని నేనే అనుకున్నాను గానీ ఆయన మాట్లాడని పొద్దు ఒక్కటైనా ఉందా, నాకు వినబడేంత దగ్గర నిలబడి వాడితో చెప్పడమంటే నాతో చెప్పడం కాక మరేమిటి, ముందు అద్దంలో ఆయన కళ్ళు ఒకసారి నా మీదికి వచ్చి మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళాయి, కోపం పోయిందా అంటే పోలేదు, ఇంకా ఉంది, చేతులున్నాయిగా అన్నందుకు ఆయనకీ ఉంటుంది, మూత సంగతి తేలాలి, అక్క ఇంటి సంగతి తేలాలి, తేలేదాకా రేపు పొద్దున ఆయన దగ్గు వినబడగానే మళ్ళీ మూతి ముడుచుకుని స్నానాలగదిలో దూరతానేమో కూడా, దూరతాను, గడియా పెడతాను, కానీ కుళాయి మాత్రం తిప్పను.